నలభై ఏడు డిగ్రీలు

మూడో రోజు కూడా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోలేదు.

పొద్దున్నే పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఇద్దరూ చూశారు. ఆయన కట్టేస్తాడని ఆమె, ఆమె కట్టేస్తుందని ఆయన అలాగే నిలబడ్డారు. చివరికి మాడు వాసన తగిలి హాల్లోంచి అత్తగారే పరుగున వచ్చి స్టవ్ ఆపింది.

"చూస్తూ నిలబడ్డానికి ఇదేమన్నా సినిమానా?" అంది, ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా.

కొడుకు గుడ్డ తీసుకుని స్టవ్ తుడవసాగాడు. కోడలు ఇంకో గిన్నె అందుకుంది. ఆ ఇరుకు వంటింట్లో ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా తిరగడం ఈ మూడు రోజుల్లోనే ఇద్దరికీ బాగా అలవాటైపోయింది.

కోడలిని ఇంట్లోనూ వీధిలోనూ అందరూ వకీలమ్మ అంటారు. కోర్టులో నిలబడి వాదించే వకీలు కాదు. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే, అది వాళ్ళదేనని ప్రభుత్వం చేత ఒప్పించే కాగితాలు రాయడం ఆమె పని. పేటెంటు వకీలు. పెళ్ళయిన కొత్తలో ఈ ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పలేక అత్తగారు నానా తంటాలూ పడింది. ఆఖరికి, "వకీలే. కాకపోతే మనుషుల తరఫున కాదు, మరమేకుల తరఫున" అని తేల్చేసింది.

టిఫిన్ డబ్బా కడుతూ వకీలమ్మ అత్తగారి వైపు తిరిగి, సాయంత్రం తాను ఆలస్యంగా వస్తానని ఆయనకు చెప్పమంది. ఆయన రెండు గజాల దూరంలో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"నేను చెప్పను," అంది అత్తగారు. "ఈ పోస్టుమాన్ ఉద్యోగం నిన్నటితో మానేశాను. ఉత్తరాలు రాసుకుంటారో, సైగలు చేసుకుంటారో మీ ఇష్టం."

ఆయన బొత్తాలు పెట్టుకోవడం ముగించి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగినట్టే ఆగాడు. వెనక్కి తిరగలేదు.

ఆ ఆగడంలో ఏముందా అని వకీలమ్మ చాలాసేపు ఆలోచించింది. ఇప్పుడు ఆమెకు ప్రతిదీ అలాగే ఉంది. ఆయన దగ్గినా, తలుపు మెల్లగా వేసినా, అందులో ఏదో దాస్తున్నట్టే తోస్తోంది.

సోమవారం సాయంత్రం మొదలైంది ఇదంతా.

ఆ రోజు పేటెంటు కార్యాలయం నుంచి ఒక నివేదిక వచ్చింది. రెండేళ్ళ కిందట ఆమె వేసిన ఒక దరఖాస్తు మీద పరిశీలకుడు రాసిన అభిప్రాయం అది. దరఖాస్తు ఒక నర్సమ్మది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నడిచి నడిచి రిటైరైన మనిషి. సెలైన్ సీసా అయిపోయాక ఎవరూ చూసుకోకపోతే రోగి రక్తం గొట్టంలోకి వెనక్కి ఎక్కడం ఆవిడ లెక్కలేనన్నిసార్లు చూసింది. దానికి విరుగుడుగా, సీసా ఖాళీ కాగానే తనంతట తానే మూసుకుపోయే చిన్న క్లిప్పు ఒకటి తయారు చేసింది. లోపల ఒక వాలు, ఆ వాలు మీద జారి కూర్చునే పల్చటి బిళ్ళ. అంతే. చూసినవాళ్ళు ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అనుకుంటారు.

పరిశీలకుడు రాసిందేమిటంటే, సరిగ్గా ఇదే వస్తువు మీద, మీకంటే పదకొండు రోజుల ముందు, ఒక ఆసుపత్రి సామాన్ల కంపెనీ దరఖాస్తు పెట్టింది. కనుక మీది కొత్తది కాదు.

ఒకే ఆలోచన ఇద్దరికి రావడం ఈ వృత్తిలో వింతేం కాదు. వకీలమ్మ పెద్దగా కంగారు పడకుండానే ఆ కంపెనీ దరఖాస్తు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టింది. ఏడో పేజీలో ఆమె వేలు ఆగిపోయింది.

"లోపలి వాలు నలభై ఏడు డిగ్రీలు."

నర్సమ్మ చెప్పింది నలభై అయిదు. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం సాయంత్రం, హడావిడిలో, డ్రాఫ్టులో వకీలమ్మ టైపు చేసింది నలభై ఏడు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని, ఆదివారం భోజనాల బల్ల మీద చదువుకుంటూ తప్పు పట్టుకుంది. నలభై ఏడైతే బిళ్ళ సరిగ్గా కూర్చోదు, సందు మిగులుతుంది. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి సరిచేసింది. అంటే ఆ తప్పు ఈ భూమ్మీద బతికింది రెండున్నర రోజులు. ఆ రెండున్నర రోజులూ ఆమె ఇంట్లోనే, ఆ బల్ల మీదే ఉంది.

ఆ బల్ల దగ్గర మసలింది ముగ్గురు. తాను. అత్తగారు, ఆవిడకు టీవీలో పేర్లు చదవడానికే కళ్ళజోడు చాలదు. మూడో మనిషి భర్త. ప్లాస్టిక్ వస్తువులకు అచ్చులు చేసే కార్ఖానాలో డిజైనరు. అలాంటి బొమ్మ ఆయన ముందు పెడితే పేపర్లో వార్త చదివినట్టు చదివేస్తాడు.

సోమవారం భోజనాల దగ్గర ఆమె అడిగేసింది.

"రెండేళ్ళ కిందట ఆ సెలైన్ క్లిప్పు కాగితాలు ఈ బల్ల మీద ఉన్నాయి. మీరు వాటి గురించి బయట ఎక్కడైనా మాట్లాడారా?"

ఆయన ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె ఎదురుచూసింది కోపం, లేకపోతే నవ్వు. రెండూ రాలేదు. ఆయన ఆమెను ఎప్పుడూ చూడనట్టు కొత్తగా చూశాడు.

"నువ్వు నన్ను అడుగుతున్నావా?" అన్నాడు.

అంతే. కంచంలో చెయ్యి కడిగేసి, దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

కాదు అనడానికి ఒక్క మాట చాలు కదా. ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయాడు? వకీలమ్మ మూడు రోజులుగా అదే ప్రశ్నను నములుతోంది.

*

ఆఫీసు రెండో అంతస్తులో. మెట్ల పక్కన గోడకు తగిలించిన ఇత్తడి బోర్డు మీద ఇన్నేళ్ళూ ఒకే పేరు. అది ఆఫీసు యజమాని పెద్దాయనది. వచ్చే సోమవారం దాని కింద రెండో పేరు చెక్కించాలని నిర్ణయమైంది. బోర్డు చెక్కేవాడు మంగళవారమే వచ్చి టేపుతో కొలతలు తీసుకుని పోయాడు.

భాగస్వామిగా ఆ రెండో పేరు వకీలమ్మది. ఇంజనీరింగ్ చదివి, పేటెంటు పరీక్ష రెండో దఫాలో గట్టెక్కి, పన్నెండేళ్ళ కిందట ఈ మెట్లెక్కింది. మొదటి ఏడాదంతా కవర్ల మీద చిరునామాలే రాసింది. తర్వాత పెద్దాయన ఒక రోజు ఆమె బల్ల మీద ఒక గొడుగు పెట్టి, ఈ లోకంలో గొడుగనేదే లేదనుకుని, దీన్ని ఎవరూ తప్పించుకోలేనట్టు ఒక్క వాక్యంలో రాయమన్నాడు. ఆమె పదకొండుసార్లు రాసింది. పదకొండుసార్లూ ఆయన ఆ వాక్యంలో సందు చూపించాడు. పన్నెండోసారి ఏమీ అనకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వృత్తిలో దాన్ని క్లెయిము అంటారు. ఇది నా హద్దు, ఇది దాటితే దొంగతనం అని చెప్పే వాక్యం. వకీలమ్మకు ఆ విద్య నేర్పింది ఆయనే.

అందుకే ఈ మూడు రోజులూ నివేదిక సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు. ఎత్తితే ఇంటి బల్ల సంగతి చెప్పాలి. కక్షిదారు కాగితాలు ఇంటికి తీసుకెళ్ళడమే తప్పు. ఆ తప్పు వెనక భర్త నిలబడి ఉన్నాడు.

ముందు తన అనుమానం తీర్చుకుందామని బొమ్మలాయన గదికి వెళ్ళింది.

బొమ్మలాయన దరఖాస్తులకు పటాలు గీసే మనిషి. అందరూ కంప్యూటర్లో గీస్తున్నా ఆయన మొదట పెన్సిలు ముట్టందే ఊరుకోడు. గీసిన ప్రతి బొమ్మా ఏ రోజు, ఎవరి పని, ఎన్ని గంటలు పట్టిందో డైరీలో రాసిపెడతాడు. వకీలమ్మ కబుర్లలో పెట్టి మెల్లగా ఆ పాత క్లిప్పు ప్రస్తావన తెచ్చింది. ఆయనకు గుర్తుకు రావడానికి డైరీ కూడా అక్కర్లేకపోయింది.

"మరిచిపోతానా? శనివారం సెలవు మానుకుని కూర్చుని ఆరు బొమ్మలు గీశాను. సోమవారం పొద్దున్న మీరొచ్చి రెండు డిగ్రీలు తగ్గించమన్నారు. ఆరూ మళ్ళీ గీశాను. రెండు డిగ్రీల కోసం రెండు రోజులు."

"శనివారమా?" అంది వకీలమ్మ. "శనివారం కాగితాలు నా దగ్గర కదా ఉన్నాయి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను జాలిగా చూశాడు. శుక్రవారం సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఒక ప్రతి పెద్దాయన ట్రేలో పెట్టింది ఆమేనని, మర్నాడు పెద్దాయనే తనను పిలిచి అది చేతికిచ్చాడని చెప్పాడు. డైరీ తీసి పేజీ చూపించాడు. శనివారం తేదీ కింద, చీమ కాళ్ళలాంటి అక్షరాలతో, "క్లిప్పు, ఆరు పటాలు, వాలు 47" అని ఉంది.

వకీలమ్మకు ఆ సాయంత్రం అప్పుడు గుర్తొచ్చింది. ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో కాగితాలు, మోచేత్తో పెద్దాయన గది తలుపు తోయడం. రెండేళ్ళుగా ఆ తలుపు ఆమె జ్ఞాపకంలోనే లేదు. ఇంటి బల్ల మాత్రమే ఉంది.

"ఆ పాత బొమ్మలు, ఆ శనివారంవి, ఏమయ్యాయి?"

"పెద్దాయన తీసుకున్నారు. చింపేస్తానన్నారు." బొమ్మలాయన పెన్సిలు చెక్కుకోవడంలో పడ్డాడు. తల ఎత్తకుండానే, "ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు.

"ఊరికే," అంది ఆమె. ఆయన నమ్మలేదని ఆమెకూ తెలిసింది.

తన గదికి వచ్చి ఫైళ్ళ రిజిస్టరు తీసింది. సరిచేసిన దరఖాస్తు బుధవారానికే తయారైంది. ఆ తర్వాత పదహారు రోజులు "పెద్దాయన బల్ల మీద" అని ఉంది. ఒకసారి చూసి పంపిద్దాం అని ఆయన అనడం, తాను రెండుసార్లు గుర్తుచేయడం, అన్నీ లీలగా గుర్తొచ్చాయి. ఆ పదహారు రోజుల మధ్యలోనే ఆ కంపెనీ దరఖాస్తు పెట్టింది.

పన్నెండేళ్ళు ఆమె ఇతరుల వాక్యాల్లో సందులు వెతికింది. ఇప్పుడు ఆ సందు తన ఆఫీసు గోడలోనే కనిపిస్తుంటే, అది సందు కాదేమో, నీడేమో అని తనను తాను నమ్మించుకోవాలని చూసింది.

*

పెద్దాయన ఆమెను కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. నివేదిక సంగతి ఆమె ఎత్తకముందే ఆయనే ఎత్తాడు. సోమవారమే చదివానని, ఆమె అంతట ఆమె వచ్చి చెబుతుందేమోనని చూస్తున్నానని అన్నాడు. గొంతులో ఎప్పటి ఆప్యాయతే.

ఆయన సలహా సూటిగా ఉంది. పరిశీలకుడికి గడువులోగా జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు దానంతటదే రాలిపోతుంది. నర్సమ్మకు, ఇలాంటివి జరుగుతుంటాయని, ఇంకెవరో ముందు కనిపెట్టారని నచ్చజెప్పాలి. ఆవిడ పెద్దది, పోరాడే ఓపిక ఉండదు.

"అది అబద్ధం అవుతుందండీ," అంది వకీలమ్మ.

"అది సలహా అవుతుంది, అమ్మాయ్. రెంటికీ తేడా నీకు నేనే నేర్పాను."

ఆమె శనివారం బొమ్మల గురించి అడిగింది. ఆయన టీ కప్పు సాసరులో పెట్టి, కప్పు చెవిని సరిగ్గా తనవైపు తిప్పుకున్నాడు. రెండేళ్ళనాటి చిత్తు కాగితాలు ఎవరికి గుర్తుంటాయి అన్నాడు. తర్వాత ఇంకా మెత్తగా, ఆమె మంచి కోరేవాడు చెప్పినట్టు చెప్పాడు.

"తవ్వుకుంటూ పోతే ముందు తేలేది నీ ఇల్లే. కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళావు. మీ ఆయన పనిచేసే కార్ఖానాయే ఆ కంపెనీకి అచ్చులు చేస్తుంది. ఇక నువ్వు ఎన్ని చెప్పినా ఎవరు వింటారు? సోమవారం దాకా ఊరుకో. బోర్డు మీద పేరు పడనీ."

వకీలమ్మ బయటికి వచ్చింది. వరండాలో నాలుగు అడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి.

భర్త కార్ఖానా ఆ కంపెనీకి అచ్చులు చేస్తుందన్న సంగతి ఆమెకే తెలియదు. ఆమెకు తెలియనిది పెద్దాయనకు ఎలా తెలిసింది?

*

కార్ఖానాకు ఆమె వెళ్ళి ఆరేడేళ్ళయింది. గేటు దగ్గర నుంచే కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలింది. లోపల యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి నోరు తెరిచి, వేడి వేడి మూతలనూ డబ్బాలనూ బుట్టల్లోకి ఉమ్ముతున్నాయి. ఎవరో వెళ్ళి కబురు చెప్పినట్టున్నారు. భర్త చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమెను చూడగానే మొహంలో రంగు మారింది.

"అమ్మకు ఏమన్నా అయిందా?"

మూడు రోజుల తర్వాత మొదటి మాట అది. ఏమీ కాలేదని ఆమె తల ఊపింది. ఇద్దరూ స్టోరు వెనక్కి, ఖాళీ డ్రమ్ములు పేర్చిన చోటికి నడిచారు.

ఆమె ఈసారి నిందలాగా అడగలేదు. ఆ కంపెనీకి మీరు అచ్చులు చేస్తారా అని మాత్రమే అడిగింది.

"చేస్తాం," అన్నాడు. "ఆ క్లిప్పు అచ్చు నేనే చేశాను."

ఆమె పక్కనున్న డ్రమ్ము అంచు పట్టుకుంది.

"నలభై ఏడు డిగ్రీలతో," అన్నాడు ఆయన. "బిళ్ళ కూర్చోలేదు. మూడుసార్లు చేసి చూశాం. చివరికి వాళ్ళే వద్దనుకుని వదిలేశారు."

"అంటే మీకు అప్పటినుంచి తెలుసు."

"తెలుసు. నీకూ తెలుసనుకున్నాను."

అప్పుడు ఆయన చెప్పుకొచ్చాడు. ఆదివారం బల్ల సర్దుతూ ఆ బొమ్మ చూసిన మాట నిజమే. చూసి, బాగుందనుకుని, పక్కన పెట్టాడు. నెలన్నర తర్వాత అదే బొమ్మ కార్ఖానాలో ఆయన బల్ల మీదికి వచ్చింది. ఆ కంపెనీవాళ్ళు అచ్చుకు అంచనా వేయమంటూ తమ దగ్గరున్న కాగితాల కట్టంతా పంపారు. ఆ కట్టలో ఒక ఉత్తరం ఉంది. అది చదివాక ఆయనకు ఆ రోజు అన్నం సహించలేదు. అదే వారం వకీలమ్మకు ఆఫీసులో సొంత గది ఇచ్చారు. ఇంటికి వచ్చి ఎంత సంబరంగా చెప్పిందో.

"నేను రెండూ కలుపుకున్నాను," అన్నాడు. "నర్సమ్మ బొమ్మ ఇచ్చి గది తెచ్చుకున్నావనుకున్నాను. అడిగితే నువ్వు అవునంటావేమోనని భయం. అందుకే అడగలేదు. సోమవారం నువ్వే నన్ను దొంగను చేసి అడిగేసరికి..."

రెండేళ్ళుగా ఆయన తన ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం వకీలమ్మకు గుర్తొచ్చింది. తాను ఎదుగుతుంటే ఓర్వలేకపోతున్నాడనుకుంది ఆమె. ఆ మాట ఒకసారి అత్తగారితో అన్నది కూడా.

"ఏ ఉత్తరం?" అంది.

ఆయన లోపలికి వెళ్ళాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. చొక్కా లోపల దాచి తెచ్చిన జిరాక్సు ప్రతి తీసి ఆమె చేతికిచ్చాడు.

అది వకీలమ్మ ఆఫీసు కాగితమే. పైన ఆఫీసు ముద్ర. కింద రెండు పంక్తులు. తమరి కోరిక మేరకు ఆరు పటాలూ, వివరణా జతచేస్తున్నాము. ఆ శనివారం తర్వాత వచ్చిన మంగళవారం తేదీ. దాని కింద సంతకం.

సంతకం ఆమెదే.

ఎవరో దొంగగా పెట్టింది కాదు. చివరి గీత కిందికి జారిపోయి ఉంది. కూర్చుని పెడితే ఆ గీత జారదు. సాయంత్రం ఆరింటికి, సంచీ భుజానికి తగిలించుకుని, బస్సు దొరకదన్న తొందరలో, పెద్దాయన నిలబెట్టి ముందుకు జరిపే ఉత్తరాల దొంతర మీద వరసగా పెట్టే సంతకాలకే ఆ జారుడు ఉంటుంది. పై అంచులు మాత్రం కనిపించేలా ఒకదానిమీద ఒకటి పేర్చి ఇచ్చేవాడు ఆయన. ఏం చదువుతావులే, అన్నీ మామూలువే అనేవాడు. చదవకుండా ఎన్నింటికి పెట్టిందో ఆ పన్నెండేళ్ళలో.

పెద్దాయన ఆమెను బెదిరించింది భర్త ఉద్యోగంతో. ఆయన దగ్గర అంతకంటే గట్టిది, ఈ సంతకం, ఉంది. అవసరమైతే తప్ప బయటికి తీయడు.

"ఈ కాగితం బయటికొస్తే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు భర్త. "కార్ఖానా ఫైల్లోంచి తీశాను మరి. రాకపోతే నీది నిలబడుతుంది. బోర్డు మీద పేరుతో సహా."

"మీరేం చెయ్యమంటారు?"

"నేను చెప్పను. రెండేళ్ళు తప్పుగా అనుకున్నవాణ్ణి, నేనేం చెప్పను?"

లోపల ఏదో యంత్రం ఆగింది. ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది. వకీలమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. నర్సమ్మ ఇంటికి తీసుకెళ్తారా అని అడిగింది. ఆయన సగం రోజు సెలవు చెప్పి బండి తీశాడు.

దారిలో మాటలు లేవు. కానీ మలుపు దగ్గర బండి ఒరిగినప్పుడు ఆమె ఆయన భుజం పట్టుకుంది. తర్వాత చెయ్యి తీయలేదు.

*

నర్సమ్మ ఇల్లు మూడంతస్తుల పాత భవనంలో రెండో అంతస్తు. నువ్వొక్కదానివే వెళ్ళి మాట్లాడు, నేను కింద ఉంటాను అన్నాడు భర్త.

గది ఆసుపత్రి గదిలా శుభ్రంగా ఉంది. దుప్పటి మూలలు మడతపెట్టి పరుపు కిందికి దోపి ఉన్నాయి. నర్సమ్మ ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదురుచూస్తున్నట్టే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"నిన్న సాయంత్రం మీ పెద్దాయన వచ్చి వెళ్ళాడు," అంది.

వకీలమ్మ గ్లాసు అందుకోబోయి ఆగిపోయింది.

నర్సమ్మ జరిగింది చెప్పింది. పళ్ళు తెచ్చాడట. ఆరోగ్యం అడిగాడట. ఎవరో ముందే దరఖాస్తు పెట్టారని విచారంగా చెప్పి, ఒక కాగితం తీసి చిన్న సంతకం చాలన్నాడట. నర్సమ్మ, కళ్ళజోడు రిపేరుకిచ్చానని, రెండు రోజులాగి రమ్మని చెప్పి పంపించింది.

"ముప్పై ఏళ్ళు మందు పేరు చదవకుండా ఎవరికీ సూది వెయ్యలేదు. ఇప్పుడు చదవకుండా సంతకం పెడతానా?"

ఆవిడ బీరువా తీసి ఆ కాగితం తెచ్చింది. రెండో చేతిలో కళ్ళజోడు, నిక్షేపంగా ఉంది.

వకీలమ్మ చదివింది. దరఖాస్తును నర్సమ్మ తన ఇష్టంతో వదులుకుంటున్నట్టు మొదటి పేరా. రెండో పేరాలో, రహస్యంగా ఉండాల్సిన కాగితాలు వకీలమ్మ ఇంటి నుంచి, ఆమె కుటుంబసభ్యుడి ద్వారా బయటికి పోయాయని తనకు తెలియజేశారని, ఆఫీసు మీద తనకు ఏ ఫిర్యాదూ లేదని. వాక్యాలు బిగుతుగా ఉన్నాయి. ఎక్కడా సందు లేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

టీ తెప్పించి, బోర్డు మీద పేరు పడనీ అన్న మనిషి, అంతకు ముందు సాయంత్రమే ఇది రాసుకుని ఇక్కడికి వచ్చాడు.

"చదివావు కదా," అంది నర్సమ్మ. "ఇప్పుడు చెప్పు. నువ్వు నా తరఫున వచ్చావా, వాళ్ళ తరఫున వచ్చావా?"

దారి పొడుగునా వకీలమ్మ మాటలు కూడబెట్టుకుంటూ వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు, ఏది వెనక. ఇప్పుడు అవేవీ పనికొచ్చేలా లేవు. సంచీలోంచి మడత కాగితం తీసి, విప్పి, నర్సమ్మ ముందు పెట్టింది.

"ముందు ఇది చదవండి. ఆ కంపెనీ కార్ఖానాకు పంపిన కాగితాల్లోంచి మా ఆయన తీసి తెచ్చారు. ఆ తర్వాత మీరే చెప్పండి నేనెవరి తరఫో."

నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. పైన ఆఫీసు పేరు చదివింది. తేదీ చదివింది. రెండు పంక్తులూ చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. సంతకం దగ్గర వేలు పెట్టింది.

"ఇది నీదేనా?"

"నాదే. చదవకుండా పెట్టాను. కానీ నాదే."

నర్సమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. బండికి ఆనుకుని నిలబడ్డ మనిషిని చాలాసేపు చూసింది.

"అక్కడున్నది మీ ఆయనేనా?"

"అవునండీ."

"ఈ ఉత్తరం ఆయన చూసి ఎన్నాళ్ళయింది?"

వకీలమ్మ కూడా లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. గుర్తులేదనవచ్చు. ఇవాళే అనవచ్చు. ఈ గదిలో ఆ అబద్ధాన్ని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. కింద ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"రెండేళ్ళయింది," అంది.

నర్సమ్మ ఆ రెండు కాగితాలనూ, పెద్దాయన తెచ్చినదాన్నీ, వకీలమ్మ తెచ్చినదాన్నీ, బల్ల మీద పక్కపక్కన పెట్టి అరచేత్తో సాపు చేసింది. ఆ మొహం చూసి ఏదీ పోల్చుకోవడం వకీలమ్మకు చేతకాలేదు.

"అయితే ఆయన్నీ పైకి పిలువు," అంది నర్సమ్మ.